స్క్రోల్ సా పనికి రంగు ఎక్కించడం: పాలపిట్టకు నీలం ఎట్లా?

పాలమూరు రంపం (జడ్చర్ల)

అందరికీ నమస్తే. స్క్రోల్ సా (సన్నటి బ్లేడుతో వంపులు కోసే రంపం మెషిన్) మీద ఇన్నాళ్లూ రంగు జోలికి పోలేదు. టేకు, వేప, తుమ్మ ముక్కలు కోసి, పక్కపక్కన పేర్చి, పైన వార్నిష్ కొట్టి ఊరుకునేవాణ్ని. పిల్లలమర్రి చెట్టు చేసినా, ఎడ్లబండి చేసినా ఆ గోధుమ రంగులే సరిపోయాయి. ఈసారి దసరాకు పాలపిట్ట చేయాలని ఉంది. అడుగు వెడల్పు, రెక్కలు విప్పి ఎగురుతున్నట్టు. తీగ మీద కూర్చున్న పాలపిట్టయితే చెక్కతోనే నెట్టుకురావచ్చు, వీపు, రొమ్ము గోధుమ రంగే కదా. రెక్క విప్పిందంటే మాత్రం ఒక పట్టీ ముదురు నీలం, ఒక పట్టీ లేత నీలం. ఆ రంగు చెక్క ఏ సామిల్లులో దొరుకుతుంది?

ఎనామిల్ వేస్తే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుందని నా టెన్షన్. చెక్క గీతలు కనపడుతూనే నీలం రావాలి. నా దగ్గర 12 మి.మీ. టేకు పలక ఉంది, పైన్ కూడా కొంత ఉంది. ఏ రంగు, ఏ వరుసలో, పైన ఏ వార్నిష్? చేసినవాళ్లు చెప్పండి.

అచ్చంపేట తునికి

అన్నా, రంగే వేసేటట్టుంటే మంచి చెక్క ఎందుకు, ప్లైవుడ్ చాలు కదా. మా వైపు తునికి చేవ చూడు, కాటుక నలుపు. చింత చేవ ముదురు ఊదా గోధుమ, దాని చుట్టూ బెరడు పక్కనుండేది లేత పసుపు, ఒకే దుంగలో రెండు రంగులు. పనస పసుపు, వేప ఎరుపు, మామిడి లేత. నీలం లేదు, ఒప్పుకుంటా. ఆ చోట జిట్రేగి (రోజ్‌వుడ్) పెట్టు. పక్కన మామిడి ముక్క తెల్లగా ఉంటే చూసేవాడి కన్నే ముదురు రెక్క అనుకుంటది.

మిర్యాల పాలిష్ (మిర్యాలగూడ)

తునికి తమ్ముడు చెప్పింది గద్దకు, గువ్వకు బాగుంటుంది. దసరా నాడు జనం పొలాల గట్ల మీద మెడ చాచి చూసేది ఆ నీలం కోసమే. జిట్రేగి పెట్టి ఇది పాలపిట్ట అంటే ఇంట్లో పిల్లలే ఒప్పుకోరు.

ఇక రంపం భాయ్ అడిగినదానికి వస్తా. పాలిష్ పనిలో నేను మొదట చూసేది కింద చెక్క ఏ రంగులో ఉందని. గీతలు కనపడాలంటే రంగు పారదర్శకంగా ఉండాలి, పారదర్శకమైన రంగు కింది చెక్క రంగుతో కలిసే కంటికి కనపడుతుంది. టేకు పసుపు గోధుమ. దాని మీద నీలం పోస్తే ఆకుపచ్చకు తిరుగుతుంది, ఇంకా పోస్తే బురద రంగు. పైగా టేకులో నూనె ఉంటుంది, నీళ్లలో కలిపిన రంగును సరిగ్గా పీల్చదు. టేకును పిట్ట వీపుకు, కొమ్మకు ఉంచు. రెక్కకు తెల్లటి చెక్క తీసుకో. రబ్బర్‌వుడ్ గానీ మంచి బర్చ్ ప్లై గానీ. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు పొణికి చెక్క వాడతారు. తేలిక, మెత్తన అని అందరూ చెప్తారు. తెల్లగా ఉండటం కూడా రంగుకు కలిసొచ్చేదే.

రెండోది పైపూత. మామూలు చపడా (స్పిరిట్‌లో కరిగించి పూసే లక్క, షెల్లాక్) తేనె రంగులో ఉంటుంది. ఆయిల్ వార్నిష్, అవిసె నూనె కూడా పసుపు పడతాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా పడతాయి. కింద నీలం ఎంత శుభ్రంగా వచ్చినా పైన పసుపు పొర పడితే మళ్లీ ఆకుపచ్చే. బ్లీచ్ చేసిన తెల్ల చపడా గానీ, నీళ్ల ఆధారంగా వచ్చే క్లియర్ ఎక్రిలిక్ గానీ వాడాలి.

మూడోదే అందరూ తప్పేది. రంగు దేంట్లో కరిగిందో, పైపూత కూడా అదే ద్రవంలో ఉంటే కింద రంగు మళ్లీ కరుగుతుంది. నీళ్ల రంగు మీద నీళ్ల వార్నిష్‌ను బ్రష్‌తో రుద్దితే బ్రష్ నీలమవుతుంది, పక్కనున్న తెల్ల ఈక కూడా నీలమవుతుంది. స్పిరిట్ రంగు మీద చపడా రుద్దినా ఇదే కథ. అందుకని కింద నీళ్ల రంగు, ఆరాక స్పిరిట్‌లో కరిగించిన తెల్ల చపడా పల్చటి పూత ఒకటి, అది ఆరాక నీళ్ల వార్నిష్. చపడా మధ్యలో అడ్డుగోడలా నిలబడుతుంది. స్పిరిట్ రంగే వాడాల్సి వస్తే పైన బ్రష్ పెట్టొద్దు, పల్చగా స్ప్రే చేయాలి.

పాలమూరు రంపం

దండం అన్నా. నేను టేకు మీదే మొదలుపెట్టేవాణ్ని. ఇంకో రెండు డౌట్లు. ముందు కోసి తర్వాత రంగేయాలా, ముందే పలకకు రంగేసి కోయాలా? ఈ నీళ్ల రంగు పౌడర్ అంటే ఏది అడగాలి? ఇక్కడ పెయింట్ షాపులో అడిగితే యూనివర్సల్ స్టెయినర్ సీసా చేతిలో పెట్టాడు.

పోచంపల్లి దారం

స్టెయినర్‌లో ఉండేది పిగ్మెంట్, అంటే కరగని సన్నటి పొడి. అది చెక్క మీద, గీతల సందుల్లో కూర్చుంటుంది. ఎండకు బాగా ఆగుతుంది, కానీ ఎక్కువేస్తే గీతలను కప్పేస్తుంది. డై, అంటే మీరడిగిన నీళ్ల రంగు పౌడర్, నీళ్లలో పూర్తిగా కరిగి చెక్క లోపలికి దిగుతుంది, గీతలు ఇంకా బాగా తేలతాయి. ఎండకు ఆగడంలో మాత్రం చాలా డైలు పిగ్మెంట్ కంటే వెనకే. ఏది మంచిదని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను, బొమ్మ ఎక్కడ వేలాడుతుందో దాన్ని బట్టి.

మా వైపు నూలుకు వాడే రంగులూ, పట్టుకు వాడే ఎసిడ్ రంగులూ వేడి నీళ్లలో కరిగేవే. చెక్క మీద అవి పట్టుకోవడానికి బట్టకు చేసినట్టు ఉడకబెట్టడం అక్కర్లేదు, పీల్చుకుని ఆరితే చాలు, పైపూత కాపాడుతుంది. నేను 100 మి.లీ. వేడి నీళ్లకు 2 గ్రాములతో మొదలుపెడతాను. చల్లారాక పల్చటి బట్టతో వడకట్టండి. కరగని ఒక్క నలుసు చెక్క మీద పడినా అక్కడ చుక్క విచ్చుకుంటుంది, ఆ తర్వాత ఏం చేసినా పోదు.

కొనేటప్పుడు లైట్‌ఫాస్ట్‌నెస్ ఎంత అని అడగండి. దానికి బ్లూ వుల్ స్కేల్ అని 1 నుంచి 8 దాకా ఉంటుంది, 8 అంటే ఎండకు బాగా ఆగేది. డై అమ్మేవాళ్ల షేడ్ కార్డు మీద సాధారణంగా రాసి ఉంటుంది. నీలాల్లోనే 3 ఉన్నవీ ఉన్నాయి, 6 ఉన్నవీ ఉన్నాయి. గ్రాముల్లో కొనేవాళ్లం కాబట్టి ధర తేడా మనకు లెక్కలోకి రాదు.

నల్గొండ చిత్రిక

కోత సంగతి నేను చెప్తా. కోసి, ముక్కలన్నీ పేర్చి సరిపోయాయో లేదో చూసుకుని, అప్పుడు విడదీసి రంగేయండి. ముందే పలకకు రంగేసి కోస్తే అంచులు తెల్లగా బయటపడతాయి. రెండు నీలం ఈకల మధ్య బ్లేడు దారి తెల్ల గీతలా కనపడుతుంది. విడి ముక్కకయితే అంచు మీద కూడా కుంచె తిప్పవచ్చు. వెనక వైపుకు మాత్రం రంగు పోనివ్వొద్దు, ఫెవికాల్ పట్టాల్సింది అక్కడే.

అంచుల్లో గీతలు అడ్డంగా తెగి ఉంటాయి కాబట్టి రంగు ఎక్కువ తాగుతాయి. పైభాగం లేత నీలం, అంచు ఇంకు నీలం అవుతుంది. పైన 220 నంబరు గరుకు పేపర్ (నంబరు పెరిగితే నునుపు) కొడితే అంచులకు 320 దాకా పోండి, తేడా తగ్గుతుంది. అయితే పాలపిట్ట రెక్కకు అంచు కొంచెం ముదురుగా ఉంటేనే ఈకలు విడివిడిగా కనపడతాయి, పూర్తిగా పోగొట్టాలని చూడకండి.

డై వాడితే ఇంకో లాభం ఉంది. ముక్క మందం పెరగదు. ఎనామిల్ గానీ చిక్కటి ఎక్రిలిక్ గానీ అంచులకు రెండు పూతలు వేశారంటే, సరిగ్గా కూర్చున్న ముక్కలు తిరిగి కూర్చోవు. సుత్తితో తడితే రంగు పెచ్చులు లేస్తుంది.

నీళ్లు తగిలితే చెక్క నూగు లేస్తుంది. అందుకని రంగుకు ముందే ఒకసారి తడి స్పాంజితో తుడిచి, ఆరనిచ్చి, 220 తోనో 320 తోనో తేలికగా రుద్దేయండి. అప్పుడు రంగు తగిలినా పెద్దగా లేవదు. ఇది చేయకుండా రంగేసి, తర్వాత నూగు పోవాలని పేపర్ కొడితే రంగు మచ్చలుగా పోతుంది.

ప్యాటర్న్ కాగితం నేరుగా చెక్కకు అంటించకండి. ముందు మాస్కింగ్ టేప్, దాని మీద జిగురు, దాని మీద కాగితం. జిగురు చెక్కకు తగిలిన చోట రంగు పట్టదు. తెల్ల మచ్చ రంగు పోసేదాకా కనపడదు, అదే దాంతో తంటా. ముక్కలు అతికేటప్పుడు బయటికి పొంగిన ఫెవికాల్‌తోనూ ఇదే బాధ. కాగితం పైన పారదర్శకమైన ప్యాకింగ్ టేప్ కూడా వేస్తే బ్లేడు వేడెక్కడం తగ్గి అంచులు కాలవు. కాలిన అంచు నల్లగా కనపడుతుంది, లేత నీలం దాన్ని దాచలేదు. బ్లేడు రివర్స్ టూత్ (కింది కొన్ని పళ్లు పైకి తిరిగి ఉండేది) తీసుకోండి, కింది వైపు చెక్క చిట్లదు. 12 మి.మీ.కి 5 నంబరు చాలు.

వనపర్తి జాలీ

చిత్రిక గారూ, చివర్లలో అడ్డ పిన్ లేని బ్లేడ్లకే రివర్స్ టూత్ దొరుకుతుందా? నా మెషిన్‌కు పిన్ బ్లేడ్లే పడతాయి.

నల్గొండ చిత్రిక

పిన్ రకంలోనూ ఉన్నాయి, కానీ రకాలు తక్కువ. పిన్ దూరాలంటే రంధ్రం పెద్దగా వేయాలి కాబట్టి సన్నటి జాలీ పనికి అది ఎట్లాగూ ఇబ్బందే. చాలా మెషిన్లకు పిన్ లేని బ్లేడు పట్టే క్లాంపు విడిగా వస్తుంది, మీ మోడల్‌కు ఉందేమో చూడండి.

సూర్యాపేట టీచరమ్మ

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను బడి పిల్లలకు జంతువుల పజిళ్లు కోస్తాను. చిన్నపిల్లలు ముక్క దొరికితే నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకు ఈ డైలు, చపడాలు పనికొస్తాయా? ఫుడ్ కలర్ వాడమని ఒకరు చెప్పారు.

మిర్యాల పాలిష్

అమ్మా, చపడాతో భయం లేదు. అది లక్క పురుగు నుంచి వచ్చే పదార్థమే. మిఠాయిల మీద, మాత్రల మీద మెరుపుకు ఇ904 పేరుతో వాడేది ఇదే. స్పిరిట్ పూర్తిగా ఎగిరిపోయేదాకా ఆరబెట్టాలి, అంతే. రంగుల సంగతి వేరు. బట్టల డై నోట్లోకి పోయే బొమ్మకు వద్దు. ఫుడ్ కలర్‌తో ప్రమాదం లేదు గానీ కిటికీ దగ్గర పెడితే త్వరగా వెలిసిపోతుంది, తడి చేతికి అంటుకుంటుంది. పైన చపడా రెండు పూతలు వేస్తే కొంత ఆగుతుంది.

నల్గొండ చిత్రిక

టీచరమ్మగారూ, డబ్బా పెయింట్ వాడేటట్టయితే అందులో సీసం ఎంతని డబ్బా మీద రాసి ఉందో చూడండి. ఇళ్లకు వాడే, అలంకారానికి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. గోదాములో ఏళ్ల నుంచి పడి ఉన్న పాత ఎనామిల్ డబ్బా తీసి బొమ్మలకు వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది వద్దు. బొమ్మల వాడకానికి తగినదని రాసిన నీళ్ల ఆధారిత ఎక్రిలిక్ కొనండి. మీరు బడికే చేస్తున్నారు సరే, అమ్మకానికి పెడితే మాత్రం 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు మినహాయింపు ఇచ్చారు.

అచ్చంపేట తునికి

చూశారా, చెక్కను చెక్కలా వదిలేస్తే ఈ గొడవలేవీ ఉండవు. మీ నీలం నాలుగేళ్లకు వెలిసిపోతది. నా తునికి నలుపు నా మనవళ్లు కూడా చూస్తారు.

మిర్యాల పాలిష్

తునికి నలుపు నిలుస్తుంది, కాదనను. పనస? కోసిన రోజు పసుపు, వెలుతురు తగిలే కొద్దీ గోధుమ. నువ్వు పసుపు కోసమని పనస పెట్టిన పొద్దుతిరుగుడు పువ్వు ఇప్పుడు ఏ రంగులో ఉందో ఫొటో పెట్టు తమ్మీ.

అచ్చంపేట తునికి

ఫొటో పెట్టను.

గద్వాల అంచు

పసుపు, నీలిమందు, మోదుగ పూలు లాంటి మన రంగులు చెక్కకు పనికిరావా? ఏటికొప్పాకలో లక్కకు అవే కలుపుతారని విన్నా.

పోచంపల్లి దారం

ఏటికొప్పాక పని వేరు. అంకుడు కర్ర లేతు మీద తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీ అదిమి పెడతారు, రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. రంగు లక్కలోనే ఉంటుంది. మన ముక్కలు గుండ్రం కాదు, తిరగవు.

నేరుగా పూయాలంటే ఒక్కోటి ఒక్కో తీరు. పసుపు చూడటానికి అద్భుతంగా ఉంటుంది గానీ ఎండకు అస్సలు ఆగదు. మోదుగ కూడా నమ్మలేం. నీలిమందు రంగు గట్టిదే, కానీ అది నీళ్లలో కరగదు. బట్టకయితే తొట్టిలో పులియబెట్టి కరిగేట్టు చేసి ముంచుతాం, గాలి తగిలి నీలం తేలుతుంది. చెక్కకు ఆ తిప్పలన్నీ పడటం కంటే నీలిమందును సన్నగా నూరి చపడాలో కలిపి పిగ్మెంట్‌లా వాడుకోవడం తేలిక.

నాకు ఇష్టమైంది నలుపు. కలంకారీవాళ్లు తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి కసీం చేస్తారు. అది కరక్కాయ పట్టించిన బట్ట మీద పడగానే నల్లబడుతుంది, కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి. చెక్క మీద కూడా అదే జరుగుతుంది. తుమ్మలో టానిన్ బాగా ఉంటుంది కాబట్టి ఇనుప పీచు నానబెట్టిన వెనిగర్ పూస్తే మీ కళ్ల ముందే బూడిద రంగయి, నిమిషాల్లో నల్లబడుతుంది. టానిన్ తక్కువున్న చెక్కకు ముందు చిక్కటి కరక్కాయ నీళ్లు గానీ డికాక్షన్ గానీ పట్టించి ఆరనివ్వండి. ఇది పూత కాదు, చెక్కే మారిపోవడం. డైలాగా వెలిసిపోతుందనే భయం లేదు. పాలపిట్ట ముక్కుకు, కంటి గీతకు ఇదే వాడండి. ఇనుము నీళ్లకు విడి కుంచె పెట్టుకోండి, టేకు ముక్క మీద ఒక్క చుక్క పడితే అక్కడ నల్ల మచ్చే.

అచ్చంపేట తునికి

దీనికి నేను ఒప్పుకుంటా. చెక్కే మారుతుందంటే అది చెక్క రంగే.

పాలమూరు రంపం

వారం తర్వాత వస్తున్నా. రబ్బర్‌వుడ్ దొరికింది. మిగులు ముక్కలు తీసుకుని అడ్డంగా పెన్సిల్ గీతలు గీసి గళ్లు చేశా. ఒక వరుస టేకు, ఒక వరుస పైన్, ఒక వరుస రబ్బర్‌వుడ్ పక్కపక్కన అతికించి, మూడింటి మీదా ఒకే నీలం. ప్రతి గడిలో సగానికి టేప్ వేసి, మిగతా సగానికి పైపూత. ఆరాక టేప్ తీసి చూస్తే పాలిష్ అన్న చెప్పిందంతా అక్కడే కనపడుతోంది. టేకు మీద నెమలి వీపులా ఆకుపచ్చగా తిరిగింది. పైన్ మీద నీలమే, కానీ మేఘాల్లా మచ్చలు మచ్చలు. రబ్బర్‌వుడ్ మీద తెల్ల చపడా వేసిన గడి శుభ్రమైన నీలం, మామూలు చపడా వేసిన గడి ఒక మెట్టు ఆకుపచ్చ. విడిగా చూస్తే తెలియదు, పక్కపక్కన పెడితేనే తెలుస్తోంది.

అడగాల్సింది ఏంటంటే, పైన్ ముక్కలు పారేయాలా? ముదురు నుంచి లేతకు గీత పడకుండా ఎట్లా దించాలి? ఇక్కడ ఎండలకు కుంచె తిప్పేలోపు ఆరిపోతోంది.

మిర్యాల పాలిష్

పైన్ మచ్చలు పడటం దాని గుణం, ఒక చోట మెత్తన, ఒక చోట గట్టి. లీటరు స్పిరిట్‌కు 60 నుంచి 100 గ్రాముల తెల్ల చపడా కరిగించిన పల్చటి పూత ముందే వేసి, ఆరాక 320 తో తేలికగా రుద్ది, అప్పుడు రంగేయి. ఎక్కువ పీల్చే చోట్లు కొంత మూసుకుంటాయి. రంగు కాస్త లేతగా వస్తుంది, లేత పట్టీకి పైన్ వాడుకో.

రంగు దించడానికి ముక్క మొత్తం ముందు మంచినీళ్లతో తడుపు, కారకూడదు, చెమ్మగా ఉంటే చాలు. ఈక కొస దగ్గర ముదురు నీలం పెట్టి, వేరే కుంచెను నీళ్లలో ముంచి పిండి, ఆ అంచు నుంచి మొదలు వైపు లాగు. కుంచె నీలమైనప్పుడల్లా కడుగు. స్పిరిట్ రంగుతో ఈ పని మన దగ్గర వేసవిలో కుదరదు, నీళ్ల రంగుతోనే కుదురుతుంది. పొద్దున్నే చెయ్యి, ఫ్యాన్ కింద కూర్చోకు. ఒకేసారి ముదురు రావాలని చూడకు, పల్చగా వేసి, ఆరాక మళ్లీ వేస్తే వస్తుంది. ఆరినప్పుడు రంగు మాసినట్టు, సుద్ద పూసినట్టు ఉంటుంది. కంగారుపడి ఇంకో పూత వేయొద్దు. తడిగా ఉన్నప్పుడు కనపడిన రంగే పైపూత పడ్డాక తిరిగొస్తుంది.

వానాకాలం చపడా, లాకర్ వార్నిష్ పూస్తే పాలు పోసినట్టు తెల్లబడుతుంది, తేమ పట్టి. ముసురు రోజున పైపూత పెట్టుకోకు. ఇంకోటి, వీపుకు టేకు మీద అవిసె నూనె వాడేటట్టయితే తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయొద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక పారేయి.

పాలమూరు రంపం

రొమ్ము మీద తెల్లటి చారలు ఉంటాయి కదా, అవి?

నల్గొండ చిత్రిక

పారదర్శకమైన తెలుపు ఉండదు, కాబట్టి డైతో రాదు. రొమ్ముకు వేప గానీ టేకు గానీ వదిలేసి, చపడా పూత పడ్డాక పుల్లతో తెల్ల ఎక్రిలిక్ సన్నగా గీయండి. కింద చపడా ఉంటుంది కాబట్టి గీత బాగా రాకపోతే తడి గుడ్డతో వెంటనే తుడిచేసి మళ్లీ గీయొచ్చు.

వనపర్తి జాలీ

నా ప్రశ్న మిగిలింది. నేను కోసేది ముక్కలు కాదు, జాలీ. పానగల్లు గుడి స్తంభం నమూనా, వందల రంధ్రాలు. లోపలి అంచులకు కుంచె పోదు. రంగు ఎట్లా?

నల్గొండ చిత్రిక

కుంచె వదిలేయండి. వెడల్పు ట్రేలో పల్చటి డై పోసి ముక్కను పడుకోబెట్టి ముంచి తీయండి. రంధ్రాల్లో నిలిచిన బొట్లను కంప్రెసర్ గాలితో గానీ సైకిల్ పంపుతో గానీ ఊదాలి, లేకపోతే కింది అంచుల్లో చుక్కలు చుక్కలుగా ఆరతాయి. మేకుల మీద నిలబెట్టి ఆరబెట్టండి. పైపూత స్ప్రే, నాలుగు దిక్కుల నుంచి ఏటవాలుగా. సన్నటి ప్లై అయితే ముంచేటప్పుడు ఎక్కువసేపు ఉంచొద్దు, పొరలు విడిపోతాయి, పలక వంకర పోతుంది.

పోచంపల్లి దారం

లేదా జాలీకి అసలు రంగే వేయకండి. చెక్క చెక్కలాగే ఉంచి, వెనక గట్టి అట్టకు ఇకత్ బట్ట ముక్క సాగదీసి అంటించి బిగించండి. ముదురు ఎరుపు గానీ నీలం గానీ, డిజైన్ చిన్నదయి ఉండాలి, పెద్ద డిజైన్ అయితే రంధ్రాల్లో ముక్కలై గజిబిజిగా కనపడుతుంది. టైలర్ల దగ్గర కత్తిరించి పడేసిన పేలికలు చాలు. బట్టకు జిగురు అంచుల్లోనే పెట్టండి, మధ్యలో పెడితే మరక ముందుకు వస్తుంది.

వనపర్తి జాలీ

బట్ట ఆలోచన నచ్చింది. గుడి స్తంభానికి ఎరుపే బాగుంటుందేమో.

అచ్చంపేట తునికి

రంపం అన్నా, ముక్కుకు ఇనుము నీళ్లు వద్దు. నా దగ్గర తునికి ముక్క ఉంది, బొటనవేలంత. బస్సులో పంపిస్తా, జడ్చర్ల స్టాండులో తీసుకో.

పాలమూరు రంపం

పంపు తమ్మీ. ముక్కు తునికిదే పెడతా, కంటి గీత మాత్రం ఇనుముతోనే. అంత సన్నగా నా రంపం కోయదు.